అమీర్‌పేట బస్టాపులో యాదమ్మ ఫోటో

ఎక్కని బస్సులు

ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పని బస్టాపులో నిలబడి బస్సు ఎక్కకుండా ఉండటం. సులువనుకుంటున్నారా? ఒకసారి నిలబడి చూడండి. అమీర్‌పేట బస్టాపులో ఒక ఆడమనిషి మామూలు చీర కట్టుకుని, చేతిలో కూరగాయల సంచీతో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడితే ముందు పాన్‌డబ్బా వాడు చూస్తాడు, తర్వాత ఆటోవాళ్లు చూస్తారు. కాసేపటికి ఎవడో ఒకడు పక్కకొచ్చి దగ్గుతాడు. వాడి చెంప పగలగొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. కొడితే నేను పోలీసునని స్టాపంతా తెలిసిపోతుంది, ఆ రోజు డ్యూటీ గంగలో కలిసినట్టే. పళ్లు కొరుక్కుని పక్కకి జరిగేదాన్ని.

కానిస్టేబులుగా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎందుకు ఆలస్యమయ్యాయో రాస్తే మీకు నిద్ర వస్తుంది, నాకు బీపీ వస్తుంది. అది వదిలేద్దాం. సర్వీసులో ఎక్కువ భాగం పంజాగుట్ట, అమీర్‌పేట చుట్టుపక్కలే క్రైమ్ టీంలో చేశాను. నాకు పెద్ద పెద్ద హత్య కేసులేమీ తగల్లేదు. పర్సులు, సెల్‌ఫోన్లు, హాస్టల్ గదుల్లో పోయిన వాచీలు, ఇవీ నా కేసులు. పేపరువాళ్లు పట్టించుకోని దొంగతనాలు. పోగొట్టుకున్న మనిషికి మాత్రం అన్నం సయించదు.

ఇప్పుడు టీంలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ అడిగే మాట ఒకటే, "మేడం, ఈ టెన్షన్ ఎప్పుడు పోతుంది?" పోదమ్మా. నాకు రిటైరయ్యే రోజు దాకా పోలేదు. దొంగ పొడుస్తాడని కాదు నా టెన్షన్. దొంగ కానివాళ్లని పట్టుకొచ్చానేమో అని. రాత్రి పడుకుంటే అదే, పొద్దున లేస్తే అదే. ఆ గుబులు ఉన్నంతకాలం మీరు ఈ పనికి పనికొస్తారు. అది పోయిన రోజు ట్రాఫిక్‌కి మార్పించుకోండి.

చేతులు చూడు

నాకు పని నేర్పింది హెడ్ కానిస్టేబుల్ లింగయ్య అన్న. మనిషి సన్నగా, ఎప్పుడూ నిద్ర మొహంతో ఉండేవాడు. ఆయన్ని చూసి పోలీసు అని ఏ దొంగా అనుకోలేదు, మా ఇన్‌స్పెక్టర్లు కూడా అనుకోలేదు. అదే ఆయన బలం. మొదటి వారం నేను బస్టాపులో అందరి మొహాలూ గుచ్చి గుచ్చి చూస్తుంటే విసుక్కున్నాడు.

"మొఖాలేం జూస్తవ్ సరోజా? పెండ్లి సంబంధానికి వచ్చినవా? చేతులు జూడు. బస్సెక్కేటోని చెయ్యి కడ్డీ దిక్కు పోతది. దొంగోని చెయ్యి మనిషి దిక్కు పోతది. గంతే."

నిజంగా అంతే. నేను యాదమ్మని పట్టుకుంది అలాగే. వినాయక చవితి రోజులు, ఖైరతాబాద్ గణేశుడి దగ్గరికి వెళ్లే జనంతో బస్సులు ఒరిగిపోతున్నాయి. పంజాగుట్ట దాటాక బస్సు బ్రేకు వేసింది. అందరి చేతులూ పైకి, కడ్డీల మీదికి వెళ్లాయి. ఒక్క చెయ్యి మాత్రం కిందికి, ఒక ముసలామె బొడ్లో ఉన్న సంచీ మీదికి వెళ్లింది. మణికట్టు దొరకబుచ్చుకున్నాను. చూస్తే నా వయసుదే. పెనుగులాడలేదు, ఏడవలేదు.

"జర మెల్లగ పట్టుకో అక్కా, గాజులు పలుగుతయ్" అంది.

నాకు ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. దొంగతనానికి వచ్చి గాజుల సంగతి చూసుకుంటోంది!

స్టేషన్‌లో ఫోటో తీశారు. జుట్టు రేగి, కళ్లు ఉబ్బి, గోడకి ఆనుకుని నిలబడ్డ ఫోటో. దాన్ని పాత నేరస్తుల ఆల్బమ్‌లో అంటించారు. ఆ ఆల్బమ్ గురించి మీకు చెప్పాలి. అందులోకి ఫోటో వెళ్లడానికి ఒక్క పూట చాలు. బయటికి రావాలంటే మాత్రం మనిషి చచ్చిపోవాలి. చచ్చిపోయినట్టు తెలిస్తే లింగయ్య అన్న ఫోటో పీకి, ఆ జాగా ఖాళీగా వదిలేసేవాడు. దొంగతనం మానేసినవాళ్ల ఫోటో పీకడం నేను చూడలేదు. మానేశారని మాకు చెప్పేదెవరు? చెప్పినా నమ్మేదెవరు?

ఊళ్లన్నీ అమీర్‌పేటకి వచ్చిన రోజులు

తర్వాత కొన్నేళ్లకి అమీర్‌పేట మారిపోయింది. ఎక్కడెక్కడి పిల్లలూ కంప్యూటర్ కోర్సులకి వచ్చి పడ్డారు. గోడ కనిపిస్తే చాలు, జావా నేర్పుతామని కాగితం అంటించేవాళ్లు. నడిస్తే కాళ్ల కింద పాంప్లెట్లు. ప్రతి సందులో ఒక హాస్టల్, ప్రతి హాస్టల్ గదిలో పట్టనంత మంది. మాకు పని పెరిగింది. పాత రోజుల్లో పోయేవి పర్సులు. ఇప్పుడు సెల్‌ఫోన్లు, సర్టిఫికెట్ల ఫైళ్లు.

ఈ హాస్టల్ కంప్లయింట్ల గురించి ఒక్క మాట. ఏడుస్తూ వచ్చినవాళ్లు అందరూ నిజమే చెప్తారు. కానీ పోయిందంటే దొంగ ఎత్తుకుపోయాడనే అర్థం కాదు. ఆ రోజుల్లో ఒక కోచింగ్ సెంటర్ ఫీజు కట్టిన ప్రతివాళ్లకీ ఒక సంచీ ఊరికే ఇచ్చేది. నల్ల సంచీ, దాని మీద పసుపు అక్షరాలతో సెంటర్ పేరు. ఊరికే వచ్చింది ఎవరు వదులుకుంటారు? అందరూ అదే తగిలించుకునేవాళ్లు. క్లాసు గదిలో చోటుండదు కాబట్టి సంచీలు మెట్ల మీద కుప్ప పోసి లోపలికి వెళ్లేవాళ్లు. హాస్టల్‌కి వచ్చాక కూడా అదే అలవాటు, హాల్లో గోడ పక్కన ఒకే రకం సంచీల కుప్ప. నాకు చూస్తేనే కళ్లు తిరిగేవి. "పేరైనా రాసుకోండే" అంటే నవ్వేవాళ్లు.

అలాంటి ఒక లేడీస్ హాస్టల్ రమాదేవి గారిది. భీమవరం వైపు నుంచి వచ్చిన ఆవిడ, గట్టి మనిషి. ఆ హాస్టల్‌లో వంట మనిషి ఎవరో తెలుసా? మా యాదమ్మ.

జైలుకి రెండు మూడుసార్లు వెళ్లొచ్చాక ఆమె ఆ పని మానేసింది. జైల్లో వంటింట్లో పెట్టారట, వంద మందికి చేతి అంచనాతో వండటం వచ్చేసింది. బయటికొచ్చాక బోరబండలో గది తీసుకుని, ఇళ్లలో పాచిపని చేసి, చివరికి ఈ హాస్టల్‌లో కుదిరింది. గోంగూర, పప్పుచారు, పెసరట్టు రమాదేవి గారి దగ్గర నేర్చుకుంది. ఒక కంప్లయింట్ మీద నేను ఆ హాస్టల్‌కి వెళ్లినప్పుడు వంటింట్లోంచి నన్ను చూసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెని ఎరగనట్టు మంచినీళ్లు అడిగాను. తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు ఇచ్చేసి వచ్చేశాను. ఆమె గతం ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిందని ఇప్పటికీ అనుకోను.

బోర్డు

ఆ ఏడాది వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రసాదరావు సార్. లంచం తినడు, కొట్టడు, పొద్దున అందరికంటే ముందు వస్తాడు. ఇంతకంటే మంచి ఆఫీసర్లని నేను ఎక్కువ మందిని చూడలేదు. ఆయనకి ఉన్న జబ్బు ఒక్కటే, తొందర. కేసు వస్తే ఆయనకి ముందు ఒక మొహం కావాలి.

చవితికి ముందు ఆల్బమ్ తెప్పించుకుని, ఫోటోలు పెద్దవి చేయించి, చెక్క బోర్డు మీద అంటించి అమీర్‌పేట బస్టాపులో పెట్టించాడు. పైన ఎర్ర అక్షరాలు: జేబుదొంగలున్నారు జాగ్రత్త. అప్పటికి రిటైరైన లింగయ్య అన్న చూసి నవ్వాడు.

"బోర్డు సదవంగనే జనం జేబు తడుముకుంటరు. పైసలు ఏ జేబుల ఉన్నయో దొంగోడు గక్కడ నిలవడి జూసుకుంటడు. మీ సారు మస్తు తెలివైనోడు!"

నాకు నవ్వు రాలేదు. కింది వరసలో, చివర, యాదమ్మ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్ వెనక గేటు దగ్గర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, నా బొమ్మ పెట్టిండ్రు."

"చూసిన. గప్పటి ఫోటో గది, ఎవ్వరు గుర్తువట్టరు లే."

"నేను గుర్తువట్టిన గదమ్మా!" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "హాస్టల్ల ఆడపిల్లలందరు గా బస్టాపుకాడనే ఎక్కుతరు, గాణ్నే దిగుతరు. నన్ను ఆంటీ అంటరమ్మా. ఆంటీ, ఇంకో దోసె ఎయ్యవా అంటరు. నన్ను గట్ల పిలిచినోళ్లు ఎవరన్న ఉండ్రా? గా బొమ్మ జర తీపియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు మొక్కితే నేను పోత" అని కసిరాను.

సార్ దగ్గరికి వెళ్లాను. ఫైల్లోంచి తల ఎత్తలేదు. "మానేసిందా? నీకెలా తెలుసు?" అన్నాడు. వంట చేసుకుంటోందని చెప్పాను. ఎక్కడో చెప్పలేదు. చెప్తే అక్కడికి మనిషిని పంపి విచారిస్తాడు, ఆ విచారణతోనే ఆమె పని పోతుంది. "చూడు సరోజా, ఆల్బమ్ పద్ధతి నీకు తెలిసిందే. ఆవిడ చచ్చిపోయిందని కాగితం తీసుకురా, తీసేస్తాను."

ఇంక రోజూ నాకు ఆ బోర్డుతోనే బతుకైపోయింది. డ్యూటీ ఎక్కడున్నా పొద్దునే వెళ్లి బోర్డు మూలకి ఆనుకుని నిలబడేదాన్ని, నా భుజంతో ఆమె మొహం మూసినట్టు. ఎవరైనా ఆడపిల్ల ఆగి చూస్తే ఇంకాస్త అడ్డం జరిగేదాన్ని. ఊళ్లో ఉన్న ప్రతి గోడకీ కాగితాలు అంటించే కోచింగ్ వాళ్లు దీని మీద ఒక్క పాంప్లెట్ అంటిస్తే ఎంత బాగుండు అనుకున్నాను. పోలీసు బోర్డని ఒక్కడూ ముట్టుకోలేదు, పాడు గాను!

సంచీ పోయిన రోజు

భయపడినంతా జరిగింది. రమాదేవి గారి హాస్టల్‌లో శ్రావణి అనే అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఎల్లుండి పొద్దున ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. చూపించకపోతే ఉద్యోగం వేరేవాళ్లకి పోతుంది. పదో తరగతి నుంచి బీటెక్ దాకా అన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైలు తన నల్ల సంచీలో పెట్టుకుంది. పొద్దున లేచి చూస్తే సంచీ లేదు.

హాస్టలంతా గగ్గోలు. ఆ గోలలో ఒక అమ్మాయి, "వంట ఆంటీ ఫోటో బస్టాపు బోర్డు మీద ఉంది కదా" అందట. ఆ పిల్లని తిట్టను. కళ్లున్నాయి, చూసింది. రమాదేవి గారు స్వయంగా బస్టాపుకి వెళ్లి, చూసి, వెనక్కి వచ్చి స్టేషన్‌కి ఫోన్ చేశారు. సార్ మొహం వెలిగిపోయింది. బోర్డు పనిచేసింది కదా! తీసుకురమ్మని నన్నే పంపాడు.

నేను వెళ్లేసరికి ఆడపిల్లలు మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు. వంటింట్లో యాదమ్మ పప్పు ఎనుపుతోంది. నన్ను చూసింది. ఎందుకొచ్చానో అడగలేదు.

"జర ఆగమ్మా, పొయ్యి బందు జేసి వస్త. పప్పు మాడిపోతది" అంది.

రమాదేవి గారు నా మీద పడ్డారు. "మీకు ముందే తెలుసని మీ సారే ఫోన్‌లో అన్నారు! తెలిసి కూడా నాకు చెప్పలేదేంటండీ? ఆడపిల్లలున్న చోటు ఇది!"

"చెప్తే పెట్టుకునేవారా?"

"పెట్టుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు" అన్నాను. శ్రావణి మూలన కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ఆ పిల్లనీ చూడలేకపోయాను, ఈమెనీ చూడలేకపోయాను. ఆటోలో తీసుకెళ్లాను. యాదమ్మ చెయ్యి పట్టుకోలేదు, పట్టుకోవాల్సిన అవసరం లేదు.

సార్ నెమ్మదిగానే అడిగాడు. "ఎక్కడ దాచావు?"

"నేను తియ్యలేదు సార్."

"సంచీ ఇచ్చెయ్. ఆ పిల్ల జీవితం అది. ఇచ్చేస్తే వదిలేస్తాను."

"నా తాన లేదు సార్, ఏడికెల్లి ఇయ్యాలె?"

సార్ నా వైపు తిరిగాడు. "రేపటి నుంచి అందరం నిమజ్జనం బందోబస్తులో ఉంటాం. ఇవాళ సాయంత్రం లోపు సంచీ రాకపోతే ఈవిడని రిమాండ్‌కి పంపేస్తాను."

"సాయంత్రం దాకా నాకు వదలండి సార్" అన్నాను. చెయ్యి ఊపాడు, పొమ్మని.

మిగిలిన సంచీ

మళ్లీ హాస్టల్‌కి పరుగెత్తాను. ఆటోలో కూర్చుంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు. లోపలికి వెళ్తే హాల్లో ఆ సంచీల కుప్ప. అప్పుడు తట్టింది. పొద్దుటి నుంచి అందరూ ఒక మొహం చుట్టూ తిరుగుతున్నారు. సంచీల వైపు చూసినవాళ్లు ఎవరు?

అన్ని గదుల్లోంచి నల్ల సంచీలన్నీ తెచ్చి హాల్లో పెట్టించాను. క్లాసులకి వెళ్లినవాళ్లని పిలిపించాను. వాళ్లు రావడానికి పట్టిన సేపు నేను కూర్చోలేక నిలబడలేక గుమ్మంలోకీ లోపలికీ తిరిగాను. అందరూ వచ్చాక, "ఎవరిది వాళ్లు తీసుకోండమ్మా, తెరిచి చూసి మరీ తీసుకోండి" అన్నాను. ఒక్కొక్కరూ తీసుకున్నారు. చివరికి ఒక సంచీ మిగిలింది. లోపల తువ్వాలు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ పొట్లం.

"ఇది లావణ్యదండీ!" అంది ఒక పిల్ల.

లావణ్య ఆ రోజు తెల్లారగానే వాళ్ల అక్క సీమంతానికి రాజమండ్రి రైలెక్కింది.

"మరి లావణ్య ఏ సంచీతో వెళ్లింది?" అన్నాను. శ్రావణి తల ఎత్తింది.

రమాదేవి గారి ఫోన్‌లోంచి రాజమండ్రి చేశాం. లావణ్య వాళ్ల నాన్నగారు ఎత్తారు. అమ్మాయి ఇంకా రైల్లోనే ఉంది, దీపాలు పెట్టే వేళకి వస్తుంది, సెల్‌ఫోన్ లేదు. రాగానే సంచీ చూసి స్టేషన్‌కి ఫోన్ చెయ్యమని, నంబరు ఇచ్చి, మళ్లీ చదివించుకుని పెట్టేశాను.

సార్‌కి చెప్పాను. విన్నాడు. "అదే అయితే సరే. కాకపోతే?" అన్నాడు.

ఆ ప్రశ్న నాలోనూ ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఫోన్ ఎదురుగా కూర్చుంటే రకరకాల ఆలోచనలు వచ్చాయి. లావణ్య ఇంకో సంచీతో వెళ్లి ఉంటే? రైల్లో నిజంగానే పోగొట్టుకుంటే? ఇంకో ఆలోచన కూడా వచ్చింది. యాదమ్మే తీసి ఉంటే? ఆల్బమ్ పెట్టే అల్మారా కింద నేల మీద కూర్చుని ఉంది. ఆమె చేతుల వైపు చూశాను. గోళ్లలో పసుపు, ముంజేతి మీద పెనం కాలిన మచ్చలు, కొత్తవీ పాతవీ. బస్సులో నేను పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి నున్నగా ఉండేది.

"అమ్మా, పిల్లలు అన్నం తిన్నరా?" అంది.

"నీకిప్పుడు గా ఫికర్ ఎందుకే!" అని అరిచాను. స్టేషన్‌లో అందరూ చూశారు. నాకు ఏడుపొచ్చి బయటికి వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

దీపాల వేళ దాటింది. రైలు ఆలస్యమై ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. సార్ వాచీ చూసుకుని రైటర్‌ని కాగితాలు తెమ్మన్నాడు. రైటర్ యాదమ్మ వాళ్ల నాన్న పేరు అడుగుతుండగా ఫోన్ మోగింది. ఎత్తబోతే చేతిలోంచి జారిపోయింది, వంగి తీసుకున్నాను.

"అమ్మా, మా అమ్మాయి సంచీలో ఎవరివో సర్టిఫికెట్లు ఉన్నాయండీ, శ్రావణి అని పేరుంది. రాత్రి రైలుకి నేనే తెస్తున్నాను. చాలా పొరపాటైపోయింది, ఏమీ అనుకోకండి..."

ఇంకా ఏదో చెప్తున్నారు. నాకు వినిపించలేదు. యాదమ్మ వైపు చూసి తల ఊపాను. ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పంపించెయ్" అన్నాడు సార్. యాదమ్మ లేచి, అలవాటు కొద్దీ ఆయనకి నమస్తే పెట్టి వెళ్లింది.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. మొహం దొరికితే మీ బుర్ర అక్కడితో ఆగిపోతుంది. ప్రసాదరావు సార్ చెడ్డవాడై ఉంటే ఈ కథ మీకు చెప్పేదాన్ని కాదు. చెడ్డవాళ్ల గురించి మీకు తెలుసు, జాగ్రత్తపడతారు. మంచి ఆఫీసరు చేతిలో కూడా ఒక మనిషి ఇలా జైలు దాకా వెళ్తుంది. అదీ నా భయం.

అట్లకాడ

సర్టిఫికెట్లు వచ్చాయి, శ్రావణికి ఉద్యోగం నిలిచింది. ఆ పిల్ల రమాదేవి గారిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది, ఆంటీ ఇల్లు చూపించమని. బోరబండ తీసుకెళ్లాను. శ్రావణి గుమ్మంలోనే ఏడ్చేసింది. రమాదేవి గారు గొంతు సవరించుకుని, "జరిగిందేదో జరిగింది. వచ్చెయ్ యాదమ్మా. కొత్త మనిషి పప్పుచారు పెడితే పిల్లలు పారబోస్తున్నారు" అన్నారు. ఆవిడకి క్షమాపణ చెప్పడం అంతవరకే వచ్చు.

యాదమ్మ శ్రావణి తల నిమిరింది. "నీ తప్పేం లేదు బిడ్డా. గని నేను రాను. గా బొమ్మ గాడ ఉన్నన్ని దినాలు రాను. రేపు ఇంకో సంచి పోతది. మళ్ల పప్పు పొయ్యి మీద పెట్టి నేనే పోవాల్నా?"

జవాబు స్టేషన్‌లో ఉంది. తిన్నగా అక్కడికే వెళ్లాను. సార్ నిమజ్జనం డ్యూటీ నుంచి వచ్చి గొంతు పోయి, వేడినీళ్లు తాగుతున్నాడు.

"సార్, ఆ రోజు దొంగతనమే జరగలేదు. మనం దొంగని మాత్రం పట్టుకున్నాం. మళ్లీ అలాగే పట్టుకుంటాం. బోర్డు మీద ఉన్నంతకాలం ఆ చుట్టుపక్కల ఏది పోయినా ఆమే. అసలు దొంగ మన బోర్డు కిందే నిలబడి నవ్వుకుంటాడు." ఇన్నేళ్ల సర్వీసులో ఒక ఇన్‌స్పెక్టర్‌తో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. సస్పెన్షన్ అయినా సరే అనుకున్నాను.

సార్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నా నుంచి ఆర్డర్ ఏమీ ఉండదు. ఎవరైనా అడిగితే నాకు తెలియదంటాను. నువ్వే వెళ్లి పీకు" అన్నాడు. నేను గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి, "ఆల్బమ్‌లోది కూడా" అన్నాడు.

మర్నాడు పొద్దున యూనిఫాంలోనే అమీర్‌పేట బస్టాపుకి వెళ్లాను. ఎప్పుడూ మామూలు చీరలో నిలబడే చోట ఖాకీలో నిలబడితే పాన్‌డబ్బా వాడు నోరు తెరిచాడు. "ఓ మేడం, మీరు పోలీసా!" అన్నాడు. ఇన్నాళ్లూ ఏమనుకున్నాడో నేను అడగలేదు.

ఫోటో ఊడలేదు. ఏం జిగురు పెట్టించాడో మా సారు, గోళ్లతో గీకినా, తాళంచెవితో గీకినా మూలలే లేస్తున్నాయి. జనం మూగారు. ఆఫీసులకి వెళ్లేవాళ్లు, క్లాసులకి వెళ్లేవాళ్లు, నల్ల సంచీల పిల్లలు. రోడ్డు అవతల యాదమ్మ నిలబడి ఉంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. ఫోటో పీకుతున్నానని రాత్రే కబురు పంపాను కానీ, వస్తానని నాకు చెప్పలేదు. ఆమె ఉన్న సంగతి వీళ్లెవరికైనా తెలిస్తే మళ్లీ వేళ్లు చూపిస్తారు.

చూస్తుండగానే రోడ్డు దాటి వచ్చింది. చేతి సంచీలోంచి అట్లకాడ తీసింది.

"గోర్లతోని ఏం పోతదమ్మా? దీంతోని గీకు."

తీసుకుని గీకాను. మొహం సగం ఊడింది. జనంలోంచి టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒక పెద్దమనిషి ముందుకి వంగి చూశాడు.

"ఏందమ్మా, గీమె ఫోటో ఒక్కటే తీస్తున్నరు? సచ్చిపోయిందా?"

నా చెయ్యి ఆగిపోయింది. యాదమ్మ కొంగు కిందికి దించింది. అందరికీ కనిపించేలా మొహం తిప్పింది.

"లేదన్నా, బతికే ఉన్న. గామె నేనే" అంది. తర్వాత నా చేతిలోంచి అట్లకాడ తీసుకుని, మిగిలిన సగం తనే గీకేసి, జనాన్ని చూసి విసుక్కుంది. "జర తొవ్వ ఇడువుర్రి. హాస్టల్ల టిఫిన్ టైమైతుంది."